వెంట్రుకవాసి వదులు

మా పెదనాన్న జీపు ముందుచక్రం బేరింగులు మొదటిసారి నా చేతులతో నేనే మార్చిన రాత్రి గర్వంతో నిద్ర పట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం చిలకలూరిపేట దాటాక అదే చక్రం పక్కన, నెత్తిన తువ్వాలు కప్పుకుని, రోడ్డు వారన కూర్చున్నాను. చక్రం పట్టేసింది. హబ్బు మీద సీసాలో నీళ్లు పోస్తే అట్లపెనం మీద పోసినట్టు చుర్రుమన్నాయి. కరిగిన గ్రీజు సీలు దాటి డ్రమ్ములోకి కారి బ్రేకు లైనర్లను కూడా తడిపేసింది. పెదనాన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

జీపును మినీ లారీ ఎక్కించి విజయవాడ ఆటోనగర్ చేర్చాం. అక్కడొక ముసలి మేస్త్రీ హబ్బు విప్పి, రోలర్లు అరచేతిలో పోసుకుని చూపించాడు. నెమలి కంఠం రంగుకు తిరిగిపోయి ఉన్నాయి.

"ఎంత బిగించావు?"

"ఊడిపోకూడదని గట్టిగానే బిగించాను మేస్త్రీ. పానాకి పైపు తొడిగి మరీ."

"ఊడకుండా ఆపేది నట్టు బిగువు కాదబ్బాయ్, ఈ రేకు." రెండు నట్ల మధ్యనుంచి తీసిన లాక్ వాషరును గోటితో మీటాడు. "బిగువు పని బిగువుది, తాళం పని తాళానిది. నువ్వు రెండూ కలిపేశావు."

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో చేతిపని నేర్చుకునేవాళ్లు తెలియక చేసే తప్పులు కొన్ని ఉంటాయి, అవి పుస్తకం చదివితే పోతాయి. భయంతో చేసే తప్పులు అలా పోవు. "ఎందుకైనా మంచిది, ఇంకో చుట్టు" అని చెయ్యి దానంతటదే తిరుగుతుంది. చాలా పనుల్లో ఆ ఇంకో చుట్టు వల్ల పెద్ద నష్టం లేదు. చక్రం బేరింగు దగ్గర మాత్రం బండి నడిరోడ్డు మీద ఆగుతుంది.

మన తాతలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎద్దులబండి చక్రాన్ని బిగించినవాణ్ని ఎవరూ చూసి ఉండరు. ఇరుసు మీద అది కాస్త అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది. జారిపోకుండా ఆపేది ఇరుసు చివర దిగ్గొట్టిన సీల. అరగకుండా చూసేది ఆముదంలో మసి కలిపిన కందెన. కాస్త ఖాళీ, కందెన, సీల. కారు హబ్బులో ఉన్నవీ ఈ మూడే, కొలతలు సన్నబడ్డాయంతే. మనం విప్పబోయే ఏటవాలు రోలర్ల బేరింగుకు 1898లో అమెరికాలో పేటెంటు తీసుకున్న హెన్రీ టిమ్‌కెన్ కూడా సెయింట్ లూయిస్‌లో గుర్రబ్బగ్గీలు తయారుచేయించిన మనిషే. కారు కంటే ముందు బండి నేర్పిన విద్య ఇది.

ఆ బేరింగును టేపర్ రోలర్ అంటారు. గరాటులో గరాటు పెట్టినట్టు ఊహించుకోండి. బయటి గరాటు పేరు కప్పు, అది హబ్బులో దిగి ఉంటుంది. లోపలి గరాటు కోను, రోలర్లతో సహా ఇరుసు మీద కూర్చుంటుంది. ఒక్కో చక్రానికి ఇలాంటివి రెండు, ఎదురెదురు వాలుతో. నట్టు తిప్పితే బయటివైపు కోను తన కప్పులోకి జరుగుతుంది, ఖాళీ తగ్గుతుంది. వెనక్కి తిప్పితే ఖాళీ పెరుగుతుంది. సర్దుబాటు అంటే ఇదే, వేరే మర్మం లేదు.

అయితే ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. ఇప్పటి కార్లలో ఎక్కువ భాగానికి వచ్చేది మూతేసిన జంటవరుస బేరింగు. దాని ఖాళీ ఫ్యాక్టరీలోనే కుదిరిపోయి ఉంటుంది. దానికి మనం సర్దేది ఏమీ లేదు, పెద్ద నట్టును పుస్తకంలో చెప్పిన టార్కుకు బిగించడమే పని. అది చాలా కార్లలో రెండు వందల న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అక్కడ టార్క్ రెంచి తప్పదు, నట్టు కొత్తది వాడాలి. నట్టు బిగించకుండా బండిని అడుగు దూరం కూడా దొర్లించకండి, బేరింగు లోపలే దెబ్బతింటుంది. బోల్టులతో వచ్చే హబ్బు మొత్తాన్ని ఇంట్లో మార్చుకోవచ్చు. చక్రాన్ని మోసే నకిల్‌లోకి నొక్కి దించే రకమైతే నకిల్ ఊడదీసి ప్రెస్ ఉన్న షాపుకి పట్టుకెళ్లండి. సుత్తితో కొట్టి దించితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి అవి దొర్లే దారిలో గుంటలు పెడుతుంది, కొత్త బేరింగు మొదటిరోజే మూలుగుతుంది. ఏబీఎస్ ఉన్న కార్లలో అయస్కాంతపు పట్టీ ఉన్న ముఖం సెన్సరు వైపు రావాలి. ఈ రకం గురించి ఇంతకంటే చెప్పను, ఇక్కడ చేతికి పెద్ద విద్య లేదు.

మన అధ్యాయం మిగతావాళ్లది. జీపులు, వెనకచక్రాల డ్రైవు ఉన్న పాతకాలపు కార్లు, ట్రాక్టరు ముందుచక్రాలు, ట్రెయిలర్లు. ఊళ్లలో ఇంకా ఇవే ఎక్కువ కనిపిస్తాయి.

పోయిందని ఎలా తెలుస్తుంది

బేరింగు చెప్పకుండా పోదు, మనం వినం. వేగంతోపాటు పెరిగే ఒక గూ... మనే శబ్దం మొదలవుతుంది. టైరు శబ్దమేమో అనుకుని ఆరునెలలు నడిపేస్తాం. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు మెల్లిగా ఎడమకు, కుడికి ఊపి చూడండి. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడిచక్రం మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే అనుమానం కుడివైపు మీద. టైరు శబ్దమైతే ఇలా అటూ ఇటూ మారదు.

తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడ వినిపిస్తే వెంటనే బేరింగు మీద నేరం మోపకండి. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే బేరింగుది. తొక్కినా ఉందంటే కింగ్‌పిన్నో బాల్ జాయింటో. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడే ఆట వస్తే టై రాడ్ల సంగతి చూడాలి. ఈ రెండు నిమిషాల పరీక్ష చేయక మంచి బేరింగులు పారేసుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లలో నేనూ ఒకణ్ని.

చివరగా, వర్షాకాలం. హబ్బు మునిగేంత నీళ్లలో బండి నడిచిందంటే శబ్దం లేకపోయినా విప్పి చూడాలి. వేడిగా ఉన్న హబ్బు నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని సీలు సందులోంచి నీళ్లను పీల్చుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇంజన్లు బాగుచేయించుకున్నవాళ్లలో ఎందరు హబ్బులు విప్పించారో గానీ, నీళ్లు చేరిన గ్రీజు మజ్జిగలా తెల్లగా తయారై, లోపల రోలర్ల అచ్చులు తుప్పు గీతలుగా పడతాయి.

విప్పడం

నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మిగతా చక్రాలకు రాళ్లు కాదు, చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదు. కింద స్టాండు పెట్టి బరువు దానిమీదకు దించాకే చెయ్యి లోపలికి పోవాలి. ఇటుకలు పేర్చి పని చేయడం చూశాను, దయచేసి వద్దు, ఇటుక పగిలేముందు చెప్పదు.

మూత ఊడదీస్తే కాజిల్ నట్టు, దానిలోంచి దూరిన కాటర్ పిన్ను కనిపిస్తాయి. పిన్ను కాళ్లు సరిచేసి లాగెయ్యండి, మళ్లీ వాడొద్దు. జీపయితే డ్రైవ్ ఫ్లాంజి విప్పాక రెండు నట్లు, మధ్యలో మడిచిన వాషరు ఉంటాయి. డ్రమ్ము రాకపోతే సుత్తి అందుకోకముందు బ్రేకు అడ్జస్టరు వెనక్కి తిప్పండి. డ్రమ్ములోని దుమ్మును ఊదకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి.

హబ్బు బయటికి లాగేటప్పుడు బొటనవేళ్లు బయటి కోను మీద ఉంచండి, లేకపోతే అది మట్టిలో పడుతుంది. నాది పడింది. లోపలి కోను సీలు వెనక ఉంటుంది, సీలు పీకేస్తే వస్తుంది. సీలు ఎలాగూ కొత్తదే వేయాలి.

ఇక్కడ కాసేపు ఆగి పాత బేరింగును చదవండి. కిరసనాయిలులో కడిగి, గుడ్డతో ఆరబెట్టి, వెలుతురుకు పట్టి చూడండి. కంప్రెసరు గాలితో గిర్రున తిప్పి ఆరబెట్టడం కుర్రాళ్లకు సరదా, రోలర్లను పట్టి ఉంచే కేజీ విడిపోయి రోలరు కంటికి తగిలితే ఆ సరదా ఉండదు. రోలరు మీద పెచ్చులు లేచి ఉంటే వయసు అయిపోయినట్టు. కప్పులో రోలర్ల ఎడంతోనే వరసగా నొక్కులు ఉంటే గుంటలో గట్టిగా పడిన దెబ్బ. తుప్పు గీతలయితే నీళ్లు. నీలం రంగు తిరిగితే వేడి, అంటే గ్రీజు లేకపోవడమో, నా లాంటివాడు బిగించడమో. ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వేస్తే అది కూడా అదే దారిన పోతుంది.

కొనేటప్పుడు పాతదాని మీద చెక్కిన అంకె చూసి కొనండి. విల్లీస్ జీపు ముందుచక్రాల్లో కోను 18590, కప్పు 18520. మీ బండిది వేరయితే వేరు, షాపువాడి జ్ఞాపకం మీద ఆధారపడకండి. కోను, కప్పు ఎప్పుడూ జోడీగానే మార్చాలి. కోను మాత్రం మార్చి కప్పు పాతదే ఉంచుకుందామన్న పొదుపు నాలుగు నెలలు కూడా నిలవదు. పెట్టె కొత్తదైనంత మాత్రాన సరుకు అసలుది కాదు. అంకె చెరిగినట్టున్నా, కేజీ అంచులు గరుకుగా ఉన్నా వెనక్కి ఇచ్చేయండి.

కప్పు, గ్రీజు

పాత కప్పును హబ్బు అవతలివైపునుంచి ఇత్తడి ములుకుతో, ఒకసారి ఇటు ఒకసారి అటు కొడుతూ దించండి. ఒకవైపే కొడితే అడ్డంగా ఇరుక్కుని హబ్బును గీరుతుంది. కొత్తది ఎక్కించేటప్పుడు పాత కప్పునే దానిమీద బోర్లించి కొట్టొచ్చు. బయటి అంచు కొద్దిగా సాన పట్టి పెట్టుకుంటే అది లోపల ఇరుక్కోదు. కప్పు దిగుతున్నంతసేపూ దెబ్బకు ఒక బోలు శబ్దం వస్తుంది. అడుగుకు తగలగానే ఆ శబ్దం మారి ఠంగున గట్టిపడుతుంది. ఆ మార్పు చెవికి చిక్కేదాకా కొట్టాలి, చిక్కాక ఆపాలి. కప్పు ఒక పిసరు దిగకుండా ఉండిపోతే మీరు ఎంత జాగ్రత్తగా సర్దినా, అది రోడ్డు మీద దిగి కూర్చుని మీ సర్దుబాటును వదులు చేస్తుంది.

గ్రీజు చక్రం బేరింగులకు తగిన లిథియం రకం, చిక్కదనం 2వ నంబరు. పాత గ్రీజు మీద వేరే రకం కలపకండి, కొన్ని జతలు కలిస్తే పలచబడి కారిపోతాయి. ఎడమ అరచేతిలో ముద్ద పెట్టుకుని, కోను వెడల్పు అంచుతో ఆ ముద్దను గోకుతూ నొక్కండి. గ్రీజు రోలర్ల సందుల్లోంచి పాకి ఇరుకు అంచువైపు పురుగుల్లా పైకి వచ్చేదాకా, చుట్టూ తిప్పుతూ. గోరింటాకు పెట్టినంత ఓపిక కావాలి. హబ్బు లోపలి బోలును మాత్రం పూర్తిగా కూరొద్దు, సగం చాలు. నిండా కూరితే వేడికి ఉబ్బి సీలును తోసుకుని బ్రేకుల మీద పడుతుంది. లోపలి కోను పెట్టి, సీలు పెదవి గ్రీజు వైపుకు వచ్చేలా దించి, ఆ పెదవికి కొంచెం గ్రీజు రాయండి. హబ్బును ఇరుసు మీదకు తిన్నగా ఎక్కించండి. వంకరగా తోస్తే ఇరుసు మరలు సీలును కోసేస్తాయి.

నట్టు దగ్గర

ఇప్పుడు అసలు పని. చక్రాన్ని ఒక చేత్తో నిదానంగా తిప్పుతూనే ఇంకో చేత్తో నట్టు బిగించండి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు వంకరగా నిలబడిపోతాయి, మీకు బిగిసినట్టు అనిపించేది నిజమైన బిగువు కాదు. చాలా కార్లకు ఇక్కడ 15 నుంచి 30 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. మామూలు పొడవు పానాతో, భుజం కలపకుండా, మణికట్టుతో లాగినంత. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే మాట. ఈ బిగువు ఉంచడానికి కాదు, లోపలి ముక్కలన్నీ తమ తమ చోట్ల కూర్చోడానికి.

కూర్చున్నాయి కదా, ఇక పూర్తిగా వదిలేయండి. నట్టును అర చుట్టు వెనక్కి తిప్పండి. నేర్చుకునేవాళ్ల చెయ్యి ఇక్కడే మొరాయిస్తుంది, అంత కష్టపడి బిగించింది వదలబుద్ధి కాదు. వదలండి. తర్వాత పానా కింద పెట్టేసి, ఉత్త వేళ్లతో నట్టును ఆనేదాకా తిప్పండి. వేళ్లు ఆగినచోటు దాదాపు సరైన చోటు.

కాటర్ పిన్ను బెజ్జం నట్టు గాడికి ఎదురుగా లేకపోతే ఏం చేయాలి? ముందుకు కొంచెం బిగించి కలుపుదామనిపిస్తుంది. వెనక్కే తిప్పాలి. చిన్న లెక్క చూడండి. మర ఎడం ఒకటిన్నర మిల్లీమీటర్లు అనుకుంటే నట్టు పూర్తి చుట్టుకు కోను అంత దూరం జరుగుతుంది. ఆరు పలకల నట్టులో అర పలక అంటే పన్నెండో వంతు చుట్టు, 0.125 మిల్లీమీటర్లు. చాలా కార్ల పుస్తకాలు ఒప్పుకునే ఖాళీ 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల వరకు. తలవెంట్రుక మందం ఈ రెండు అంకెల మధ్యలోనే ఎక్కడో ఉంటుంది. వెంట్రుకవాసి అని మనం మాటవరసకు అనేది ఇక్కడ అక్షరాలా కొలత. అర పలక కంటే ఎక్కువ వెనక్కి పోవాల్సి వస్తే వేరే వాషరో, నట్టో ప్రయత్నించండి.

జీపు రెండు నట్లదైతే లోపలి నట్టును చక్రం తిరుగుతూ పట్టేదాకా బిగించి ఆరోవంతు చుట్టు వెనక్కి తిప్పమని విల్లీస్ పాఠం. ఆపైన వాషరు, బయటి నట్టు. బయటి నట్టు బిగిసినప్పుడు లోపలిదాన్ని ఇంకాస్త లోపలికి నెడుతుంది, కాబట్టి అప్పుడు మళ్లీ ఊపి చూడాలి. ఖాళీ పోయి ఉంటే రెండూ విప్పి మళ్లీ మొదలు. మూడుసార్లు పట్టినా విసుక్కోకండి, నాకు అయిదుసార్లు పట్టింది.

సరిపోయిందని ఎలా తెలుసుకోవడం? డయల్ గేజ్ ఉంటే దాని అయస్కాంతపు పీటను హబ్బు మీద నిలిపి, ముల్లును ఇరుసు కొనకు ఆనించి, హబ్బును లోపలికీ బయటికీ లాగి చూడండి. ఊపొద్దు, తిన్నగా లాగాలి. గేజ్ లేకపోయినా ఫర్వాలేదు. నట్టు వెనకున్న వాషరును స్క్రూడ్రైవరు మొనతో, వేలి బలంతో నెట్టండి. కాస్త బరువుగా జరిగితే సరే. కదలకపోతే బిగువు, స్వేచ్ఛగా జారిపోతే వదులు. చక్రం తొడిగాక పైనా కిందా పట్టి ఊపితే కనీకనిపించని చిన్న టిక్కు ఉండాలి. లొడలొడ కాదు, టిక్కు. బ్రేకు లైనరు రాసుకుంటుంటే ఏదీ సరిగా తెలియదు, అందుకే అడ్జస్టరును చివరిదాకా వెనక్కే ఉంచండి.

ఆ టిక్కును భరించడమే కష్టం. బేరింగు లెక్క మనసు లెక్కకు తిరగబడి ఉంటుంది. వదులువైపు కొద్దిగా తప్పితే దాని ఆయుష్షు మెల్లగా తగ్గుతుంది, మీకు శబ్దంతో చెప్పే వ్యవధి ఇస్తుంది. బిగువువైపు హద్దు దాటితే వేడి, ఆ వేడితో గ్రీజు పలచబడటం, మరింత వేడి. మధ్యాహ్నానికి చిలకలూరిపేట. కొత్త పిన్ను దూర్చి కాళ్లు మడవండి, రేకు వాషరయితే అంచు నట్టు పలక మీదకు వంచండి. ఊడిపోతుందేమోనన్న మీ భయానికి జవాబు ఆ రెండు మడతల్లో ఉంది. పానా దగ్గర దాన్ని వెతకొద్దు.

చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, బ్రేకులు సర్ది, ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడుతూ నడపండి. దిగి హబ్బు దగ్గరకు అరచెయ్యి తీసుకెళ్లండి, ముందు ముట్టుకోకుండా. రెండువైపులా గోరువెచ్చగా, ఒకేలా ఉండాలి. ఒకవైపు చెయ్యి పెట్టలేనంత వేడయితే ఇంటికి నడపకుండా అక్కడే వదులు చేసుకోండి. వంద కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి ఎత్తి ఊపి చూడండి. కప్పులు సర్దుకుని ఖాళీ పెరిగి ఉంటే మళ్లీ నట్టు దగ్గరకు రావాలి.

ఆ జీపుకు రెండోసారి నేనే వేశాను. ఆటోనగర్ మేస్త్రీ స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూశాడు, ఒక్కసారి కూడా లేవలేదు. రేకు మడతలు అయ్యాక పెదనాన్న వచ్చి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు.

"వదులుందిరా."

"ఉండాలి పెదనాన్నా."

మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ బీడీ ఆర్పుతున్నాడు. పెదనాన్న ఇంకోసారి ఊపి, చెవి దగ్గరగా పెట్టి ఆ టిక్కు విన్నాడు. జేబులోంచి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టి, "జాకీ దించు" అన్నాడు.